మంచిది, చెడ్డది అనడం మానేశాక: ఒక అంగన్‌వాడీ కేంద్రంలో ఎనిమిది నెలలు

మెదక్ ప్రాంతంలోని ఒక గ్రామ అంగన్‌వాడీ కేంద్రంలో 2025 జూన్ నుంచి 2026 జనవరి వరకు, మూడేళ్లు నిండి బడికి పోయే వయసు రాని పిల్లలకు తిండి గురించీ, తాగేవాటి గురించీ నేర్పడానికి మేము చేసిన ప్రయత్నాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఆ కేంద్రంలో నేను పదిహేనేళ్లకు పైగా టీచరుగా పనిచేస్తున్నాను. ఈ వయసు పిల్లలు రిజిస్టరులో 22 మంది ఉండగా, క్రమం తప్పకుండా వచ్చేవారు 18 మంది. పిల్లల పేర్లు మార్చాను, ఊరి పేరు రాయలేదు. ముందుగా నేను చేసిన పొరపాటు చెప్పాలి, ఎందుకంటే తర్వాతి పనంతా దాన్ని సరిదిద్దుకునే క్రమంలోనే రూపుదిద్దుకుంది.

చార్టు పాఠం

జూన్ చివరి వారంలో ఒక పెద్ద అట్ట మీద రెండు వరుసలుగా బొమ్మలు అంటించాను. ఎడమవైపు పచ్చ గీతల మధ్య ఆకుకూరలు, గుడ్డు, పాలు, జామకాయ, పప్పు. కుడివైపు ఎర్ర రంగుతో కొట్టివేసిన చిప్స్ ప్యాకెట్టు, కూల్‌డ్రింకు, చాక్లెట్టు, చాయ్. నాలుగు రోజులు వల్లె వేయించేసరికి పిల్లలు పాటలాగా అప్పగించడం మొదలుపెట్టారు. ఆ వారం తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరు మేడం అడిగిన ప్రతి బొమ్మకూ “మంచిది”, “చెడ్డది” అని గొంతెత్తి చెప్పారు. ఆమె సంతోషించి విజిట్ బుక్కులో నాలుగు మంచి మాటలు రాసి వెళ్లారు. అందరికంటే గట్టిగా చెప్పింది నాలుగేళ్ల చిన్ని. అదే రోజు మధ్యాహ్నం భోజనంలో చిన్ని తన గుడ్డును రెండు వేళ్లతో పళ్లెం అంచుకు జరిపి, అది తాకిన చోట అన్నం కూడా వదిలేసి, మిగిలినది తిని లేచింది.

గుడ్డు మంచిదని ఆ పిల్లకు తెలియక కాదు. ఆ మాట ఆమెకు ఒక పద్యపాదం వంటిది, పళ్లెంలో ఉన్న గుడ్డు వేరే వస్తువు. రెండు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలు కంటికి కనిపించే రంగునూ, ఆకారాన్నీ, చేతికి తగిలేదాన్నీ పట్టుకునే ఆలోచిస్తారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే చెప్పిన సంగతి శిక్షణలో మేమందరం రాసుకున్నదే. రక్తం, ఎముక, విటమిన్ అనే మాటలు వారికి కనిపించని లోకానివి. ఇది తెలిసి కూడా నేను చార్టు వేశాను, ఎందుకంటే చార్టు గోడ మీద కనిపిస్తుంది, వచ్చినవారికి పని జరిగినట్టు తోస్తుంది.

మరుసటి వారం ఒక తల్లి కేంద్రం గడప దగ్గరే నిలబడి నన్ను నిలదీసింది. “పొద్దుగాల వాళ్ల నాయనమ్మ చాయ్ పోసిస్తే, ‘నువ్వు చెడ్డదానివి, చెడ్డది తాపుతున్నవ్’ అన్నడు మావోడు. ముసలామె అన్నం తినకుంట పండుకున్నది. మేం పిల్లలకు విషం పెడుతున్నమా టీచర్?” ఆమెకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. అదే రోజుల్లో మరో పిల్లవాడు తెచ్చుకున్న ఐదు రూపాయల ప్యాకెట్టును చొక్కా లోపల దాచుకుని, గోడ వెనక్కి పోయి తిని, మూతి తుడుచుకుని రావడం మా ఆయా చూసింది. చెడ్డదని చెప్పినందుకు పిల్లవాడు ప్యాకెట్టు మానలేదు, దాచడం నేర్చుకున్నాడు. ఆ సాయంత్రమే చార్టు తీసేశాను.

పొద్దున్నే ఏం తాగి వస్తున్నారు

కొత్త పాఠం మొదలుపెట్టే ముందు మూడు రోజుల పాటు, పిల్లలను దించడానికి వచ్చిన తల్లినో నాయనమ్మనో ఒకే ప్రశ్న అడిగాము: నిద్ర లేచినప్పటి నుంచి ఇప్పటిదాకా పిల్లవాడి నోట్లోకి ఏమేమి పోయింది? ఏం పెట్టారు అని అడిగితే తప్పు పట్టినట్టు ఉంటుంది కాబట్టి అలా అడగలేదు. 18 మందిలో 13 మంది చాయ్ తాగి వస్తున్నారు, వారిలో ఎక్కువ మంది అందులో బిస్కెట్టో రస్కో అద్దుకుని తింటున్నారు. రాత్రి మిగిలిన అన్నమో రొట్టెనో తిని వచ్చేవారు నలుగురు. ఒక అమ్మాయి ఏమీ తినకుండానే వస్తోంది. చాయ్‌తో వచ్చిన పిల్లలు పదకొండింటికి చికాకు పడి, పన్నెండున్నరకు నాలుగు ముద్దలు తిని చాలనేవారు, ఇంటికి పోయే దారిలో దుకాణం ముందు మొండికేసేవారు. నేను తిండి సమస్య అనుకున్నది పొద్దుటి గ్లాసు దగ్గరే మొదలవుతున్నదని అప్పుడు గ్రహించాను.

చాయ్‌లోని టానిన్లు అనే పదార్థాలు ఆహారంలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. భోజనానికి ముందూ తర్వాతా కనీసం గంట సేపు టీ, కాఫీలు తాగవద్దని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాలలో చెప్పింది. ఐదేళ్ల లోపు పిల్లలకు టీ, కాఫీలు అసలే వద్దన్నది భారత పిల్లల వైద్యుల అకాడమీ 2019లో ఇచ్చిన సలహా. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నప్పుడు, ఇది చిన్న విషయం కాదు. అయితే ఈ అంకెలు పిల్లలకు చెప్పవలసినవి కావు, తల్లులకు కూడా మొదటి రోజే చెప్పవలసినవి కావు. ఆరుగురున్న ఇంట్లో అర లీటరు పాలు వస్తాయి, ఏడింటికల్లా నాట్లకు పోవాలి, అందరి కడుపులోకీ ఒకేసారి వేడిగా ఏదో ఒకటి పోయేది చాయ్ వల్లనే. ఆ తల్లిని తప్పు పట్టే హక్కు నాకు లేదు.

కుండ, కవ్వం

అందువల్ల పిల్లలతో పనిని తాగేవాటితోనే మొదలుపెట్టాము. మా కేంద్రంలో నీళ్ల డ్రమ్ము ఎత్తైన బల్ల మీద ఉండేది, నీళ్లు కావాలంటే పిల్లలు ఆయాను అడగాలి, ఆమె వంటలో ఉంటే ఆగాలి. దాని బదులు నల్లా బిగించిన ఒక మట్టికుండను పిల్లల నడుము ఎత్తులో పీట మీద పెట్టి, ప్రతి గ్లాసుకూ ఒక రంగు దారం కట్టి, ఎవరి గ్లాసు వారికి ఇచ్చాము. మొదటి వారం నేలంతా నీళ్లే, ఆయా నన్ను తిట్టుకున్న మాట నిజం. రెండో వారానికి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు నిలబడడం, సగం గ్లాసే పట్టుకోవడం, తాగి బోర్లించడం నేర్చుకున్నారు. నీళ్లు మంచివని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు.

జూలైలో మజ్జిగ చిలికాము. నేను పాకెట్ పాల పెరుగు తెచ్చాను, పిల్లలు వంతులవారీగా కవ్వం తిప్పారు, ఎంత తిప్పినా వెన్న రాలేదు. వెన్న తీసిన పాలతో తోడు పెట్టిన పెరుగులో వెన్న ఎక్కడి నుంచి వస్తుంది? నాకు తట్టని ఈ సంగతిని గుమ్మంలో కూర్చున్న ఒక అవ్వ చెప్పింది. తెల్లవారి తన ఇంటి బర్రెపాల పెరుగు, తాడుతో తిప్పే పెద్ద కవ్వం ఆమే తెచ్చింది. ఆమె తాడు లాగుతుంటే పిల్లలు గుండ్రంగా కూర్చుని చూశారు. కొంతసేపటికి నురుగు మధ్యలో ఆవగింజలంత పలుకులు తేలాయి, అవి ఒకదానికొకటి అంటుకుంటూ ముద్దయ్యాయి, ఆమె చల్లటి నీళ్లు చిలకరించి అరచేతిలోకి తీసింది. ప్రతి పిల్లవాడి వేలికొనకూ గోరంత వెన్న అంటించి, తర్వాత గ్లాసుల్లో సల్ల పోసింది. “తాగుతవా బిడ్డా?” అని అడిగిందే తప్ప తాగమని చెప్పలేదు. అప్పటిదాకా మజ్జిగ ముట్టని ఇద్దరు ఆ రోజు తాగారు, ఇంకో ఇద్దరు వాసన చూసి గ్లాసు పక్కన పెట్టారు. ఆమె ఏమీ అనలేదు. బలవంతం చేయకుండా ఎలా పెట్టాలో నేను ఆ అవ్వ దగ్గర చూసినంత స్పష్టంగా ఏ శిక్షణలోనూ చూడలేదు.

దీనికి ఒక సిద్ధాంత రూపం కూడా ఉంది. ఏమి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలన్నది పెద్దల బాధ్యత, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల నిర్ణయం అని అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ ఈ పంపకాన్ని సూత్రీకరించారు. దాన్ని మా భోజనాల వరుసలోకి తెచ్చుకున్నాము. కొత్త కూర ఏదైనా చిటికెడే పెడతాము, పిల్లవాడు వాసన చూడవచ్చు, నాలుకకు తాకించవచ్చు, నచ్చకపోతే పళ్లెం పక్కన ఉంచిన చిన్న గిన్నెలో వేయవచ్చు. ఇది తింటే చాక్లెట్టు ఇస్తాను అనే మాటను కేంద్రంలో పూర్తిగా మానేశాము, ఎందుకంటే ఆ బేరంలో కూర శిక్షగానూ చాక్లెట్టు బహుమానంగానూ పిల్లల మనసులో స్థిరపడిపోతాయి.

చిన్ని గుడ్డు

చిన్ని విషయంలో నాకు రెండు నెలలు పట్టింది. చిన్నపిల్లలు కొత్త రుచిని ఒప్పుకోవడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు దాన్ని చూడవలసి రావచ్చని పరిశోధనలు చెబుతాయి కాబట్టి, ఓపిక పడితే చాలనుకుని రోజూ పావు గుడ్డు పెడుతూ వచ్చాను. ఆగస్టు మొదటి వారానికి పదిహేను సార్లు దాటిపోయాయి. ఒక రోజు ఆమె పక్కనే కూర్చుని, “ఎందుకు వద్దు?” అని కాకుండా, “ఇది ఎట్లుంది?” అని అడిగాను. చిన్ని గుడ్డు చెక్కను ముక్కు దగ్గర పెట్టుకుని, “బాంబు వాసన” అన్నది. దీపావళి టపాకాయ కాల్చిన వాసన అని ఆమె భావం.

నేనూ వాసన చూశాను. పిల్ల చెప్పింది నిజమే. పచ్చసొన చుట్టూ బూడిద పచ్చని వలయం ఉంది, లోపల పిండిలా పొడిపొడిగా ఉంది. పది గంటలకు పప్పు పొయ్యి మీద పెట్టేటప్పుడే ఆయా గుడ్లను కూడా రెండో పొయ్యి మీద పెట్టి, పప్పు ఉడికాకే దించుతోంది, అంటే అవి దాదాపు నలభై నిమిషాలు మరుగుతున్నాయి. గుడ్డు ఎక్కువ సేపు ఉడికితే తెల్లసొనలోని గంధకం వాయువై లోపలి పచ్చసొనలోని ఇనుముతో కలుస్తుంది, ఆ వలయమూ ఆ వాసనా అందువల్లనే వస్తాయి. టపాకాయలో ఉండేదీ గంధకమే కాబట్టి చిన్ని పోలిక అక్షరాలా సరైనది. నీళ్లు మరగడం మొదలయ్యాక పది, పన్నెండు నిమిషాలకు దించి వెంటనే చల్లటి నీళ్లలో వేయమని ఆయాకు చెప్పాను. ఆమె మొదట నొచ్చుకుంది, ఇన్నేళ్లుగా తన చేతి వంటకు వంక పెట్టినవారు లేరు. మర్నాడు రెండు రకాల గుడ్లూ కోసి పక్కపక్కన పెట్టి చూశాక, ఇక నేను చెప్పవలసిన అవసరం రాలేదు.

చిన్ని ఆ వారంలోనే తెల్లసొన తిన్నది. పిల్లలు తిననప్పుడు వారి నోటిని అనుమానించే ముందు మన గిన్నెను అనుమానించాలన్న సంగతిని నేను పదిహేనేళ్ల సర్వీసు తర్వాత తెలుసుకున్నాను. ఇదే కారణంతో ఆకుకూర పప్పులో ముదురు కాడలు వేయడం ఆపాము. మునగాకు ఉన్న రోజు రెమ్మలు పిల్లల ముందు కుప్ప పోసి ఆకు దూయిస్తున్నాము. దూసిన చేతులతో తినేటప్పుడు “ఇది నేను తెంపింది” అని వెతుక్కుంటారు. పండ్ల విషయంలో మాత్రం ఏమీ సాధించలేకపోయాము. జామకాయల కాలంలో ఎవరో ఒకరు పెరటి నుంచి తెచ్చేవారు, అది అయిపోగానే ఆ పాఠమూ ఆగిపోయింది.

రోజువి, పండుగవి

చార్టు స్థానంలో ఏదో ఒకటి కావాలి, ఎందుకంటే పిల్లలకు వస్తువులను వేరు చేసి పేర్చడం ఇష్టం, అది వారి వయసుకు తగిన పనే. మంచి, చెడు అనే మాటలకు బదులు మా ఇళ్లలో ముందునుంచీ ఉన్న విభజననే తీసుకున్నాము. రోజూ తినేవి ఒక చాటలో, పండుగకో జాతరకో తినేవి ఒక చాటలో పెట్టాలి. అన్నం, పప్పు, జొన్నరొట్టె, గుడ్డు, సల్ల మొదటి చాటలోకి పోయాయి. సకినాలు, గారెలు, లడ్డు రెండో చాటలోకి పోయాయి. ఇందులో ఎవరి నాయనమ్మా చెడ్డది కాదు. చిప్స్ ప్యాకెట్టు దగ్గర తగవు వచ్చింది. “ఇది జాతరది” అని ఒకడు, “కాదు, రోజుది, మా తాత రోజు కొనిస్తడు” అని ఇంకొకడు. కూల్‌డ్రింకు ఖాళీ సీసా చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించిన ఒక అమ్మాయి, “ఇది పెళ్లిది” అని తీర్పు చెప్పింది. అందరూ ఒప్పుకున్నారు. ఆ తర్వాత సీసా కనిపించినప్పుడల్లా “ఎవరి పెళ్లి టీచర్?” అని అడగడం వారికి ఆటైపోయింది.

ఈ ఆట మా మెడకే చుట్టుకున్న రోజూ ఉంది. పై అధికారులు వచ్చినప్పుడు మర్యాద కోసం కూల్‌డ్రింకు తెప్పించడం చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. సెప్టెంబరులో అలా తెప్పించినప్పుడు పిల్లలందరి ముందు అదే ప్రశ్న వచ్చింది. వచ్చినామె నవ్వి గ్లాసు పక్కన పెట్టారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. పోషణ మాసం పోస్టరు కింద కూర్చుని చక్కెర నీళ్లు తాగే పెద్దలను చూసి పిల్లలు నేర్చుకునేది పోస్టరులోని మాట కాదు. ఇప్పుడు మజ్జిగే ఇస్తున్నాము.

పెద్దలతో పని

సెప్టెంబరు తల్లుల సమావేశానికి తండ్రులనూ, నాయనమ్మలనూ కూడా పిలిచాము. దుకాణంలో దొరికే 200 మిల్లీలీటర్ల మామిడి డ్రింకు డబ్బా ఒకటి తెచ్చి, దాని మీద చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని పదో తరగతి చదివిన ఒక తండ్రితో చదివించాను. వంద మిల్లీలీటర్లకు 13 గ్రాముల చక్కెర అని ఉంది. అంటే డబ్బాలో 26 గ్రాములు. చెంచాకు ఐదు గ్రాముల లెక్కన ఖాళీ గ్లాసులో ఐదు చెంచాలు పోసి, పైన ఇంకొంచెం వేశాను. “గ్లాసు పాశంల గూడ ఇంత చక్కెర పొయ్య” అన్నది ఒక అవ్వ. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు కావలసిన శక్తి 1,360 కిలో కేలరీలు. బయటి నుంచి కలిపే చక్కెర అందులో పదో వంతు మించకూడదనీ, ఇరవయ్యో వంతుకు తగ్గిస్తే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఇరవయ్యో వంతు అంటే 17 గ్రాములు. ఒక్క డబ్బాతోనే ఆ హద్దు దాటిపోతుంది.

చాయ్ సంగతిలో మానమని అడగలేదు, రెండు దారులు చూపించాము. మొదటిది, టీపొడి వేయక ముందే పిల్లవాడి గ్లాసుకు పాలు పక్కకు తీసి పెట్టడం. దీనికి అదనపు ఖర్చు లేదు, అదనపు పొయ్యి లేదు. రెండవది, రాత్రి వంట అయ్యాక అదే పొయ్యి మీద రాగి అంబలి కాచి ఉంచి, పొద్దున సల్ల కలిపి ఇవ్వడం. వంద గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పులిస్తే అందులోని పోషకాలు ఒంటికి ఇంకా బాగా పడతాయి. పాతకాలపు ముసలివారికి ఇది తెలిసిన తిండే, కోడళ్లకు మాత్రం అది పేదతనపు గుర్తుగా తోచింది. ఆ చిన్నతనాన్ని పోగొట్టడం నాకు పాలు పక్కకు తీయించడం కంటే కష్టమైంది.

అదే నెలలో మూడేళ్లు దాటిన ఒక పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. తండ్రి మందుల దుకాణం నుంచి ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలున్న పండ్ల రుచి డబ్బాలు తెచ్చి రెండు రోజులు తాగించాడు, పిల్లవాడు ఇంకా నీరసించాడు. లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు అన్నది అసలు ఓఆర్‌ఎస్ కొలతలో ముఖ్యమైన భాగం. చక్కెర అంతకు ఎన్నో రెట్లు ఉన్న పానీయం పేగుల్లోకి ఇంకా నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. ఆశా కార్యకర్త దగ్గరి పొడి ప్యాకెట్టు, జింకు మాత్రలు ఇప్పించి ఆరోగ్య కేంద్రానికి పంపించాము, నాలుగో రోజుకు కోలుకున్నాడు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఈ పేరు మోసం మీద ఏళ్ల తరబడి పోరాడారు. ప్రమాణాలకు సరిపోని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని జాతీయ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరు 14న ఆదేశించింది. ఆ వార్తను తర్వాతి సమావేశంలో చదివినప్పుడు ఆ తండ్రి తలవంచుకోవడం చూసి, చదువుకున్నవారు కూడా మోసపోయిన సంగతే ఇది అని చెప్పవలసి వచ్చింది.

జనవరి నాటికి

అదే ప్రశ్నను 2026 జనవరిలో మూడు రోజులు మళ్లీ అడిగాము. చాయ్ తాగి వస్తున్న 13 మందిలో ఆరుగురు ఇంకా తాగుతున్నారు. నలుగురు పాలు, ఇద్దరు అంబలి తాగి వస్తున్నారు, ఒకరి కుటుంబం వలస పోయింది. అక్టోబరు, నవంబరుల్లో పత్తి ఏరే పని ముమ్మరంగా ఉన్నప్పుడు దాదాపు అందరూ మళ్లీ చాయ్‌కే వచ్చారు, పని తగ్గాక కొందరు తిరిగి మారారు. కాబట్టి ఈ అంకె వచ్చే పత్తి కాలంలో నిలుస్తుందని చెప్పలేను. పిల్లల బరువులు పెరిగాయి, కానీ మధ్యలో నులిపురుగుల మాత్రలు ఇచ్చాము, వానాకాలపు జబ్బులు తగ్గాయి. ఆ పెరుగుదలను ఈ పాఠాల ఖాతాలో వేయడం సరికాదు. ఐదు రూపాయల ప్యాకెట్లు ఆగలేదు. దాచుకుని తినడం మాత్రం ఆగింది. ఇప్పుడు తెచ్చిన పిల్లవాడు బాహాటంగా చూపించి, ఇది జాతరదని తనే చెప్పి, తనే తింటాడు.

చిన్ని ఇప్పటికీ పచ్చసొన తినదు. తెల్లసొన తిని, పచ్చసొనను చెదరకుండా తీసి పక్కనున్న మూడేళ్ల పిల్లవాడి పళ్లెంలో పెడుతుంది. వాడు ఆమె వైపు పళ్లెం జరిపి ముందే సిద్ధంగా ఉంటాడు.